ఎండాకాలం గూడా ఆగని ఊట

ఏమ్ పాపా హరితా, స్కూటీ ఆపు రవంత. ఆపమంటే ఆపల్ల. ముప్పై రెండేండ్లు కండక్టరు పని చేసినోన్ని, నా నోట్లోంచి ‘హోల్డాన్’ అని వస్తే అరవై మందితో పోయే బస్సే నిలబడిపోతాండె, నీ స్కూటీ ఎంత? రా, అరుగు మింద కూసో. ఏమీ, బిన్నా పోవల్లనా, అంత తొందరనా? మీ జేజికి అన్నం తీసుకపోతాండావు గదా చేని కాడికి? ఆ క్యారేజీ చూస్తానే అనుకుంటి. రెండు దినాలైందంట, మీ జేజి రత్నమ్మ పొద్దున్నే పోయి ఆ కానుగ చెట్టు కింద కూసుంటే మల్ల పొద్దు గూకేటప్పుడే ఇల్లు చేరేదంట. ఎవరడిగినా నోరిప్పదంట. మీ నాయన నిన్న ఈ దోవనే పోతా నిలబడి చెప్పె. “ఏం చేసేది మామా, మా అమ్మకు మతి చలించినట్టుండాది. ఎల్లుండి పొద్దున్నే బోరు బండి వస్తాది, బండి నిలబడల్లంటే ఆ చెట్టు కొట్టల్ల, ఆయమ్మ ఆడ్నుంచి లేస్తే గదా” అని. సరే దివాకరా, బోరు పాయింటు ఎవరు పెట్టిరి, అరచేతిలో టెంకాయ పెట్టుకోని తిరిగేవాడా, యాపపుల్ల పట్టుకోని తిరిగేవాడా అని అడిగితి. “ఎవరూ గాదు మామా, మా నాయనే పెట్టిపోయినాడు” అనె. కుళ్ళాయప్ప పోయి పద్నాలుగేండ్లాయ, ఆయప్ప ఇప్పుడొచ్చి పాయింటు పెట్టేదేందిరా అంటే, అటక మింద నోటుబుక్కు దొరికిందంట. దాంట్లో ఆయప్ప చేతిరాతతోనే ఉండాదంట: తూర్పు చేను, పెద్ద గుండు పక్కన, కానుగ చెట్టు కింద, గట్టి ఊట, ఎండాకాలం గూడా ఆగదు. నాకు నవ్వు ఆగలేదు పాపా. మీ నాయనకు కోపమొచ్చి తువ్వాలు విదిలించి పాయ. ఆయన కష్టం ఆయనది, ముందేసిన రెండు బోర్లూ దుమ్ము తప్ప ఏమీ పోయలేదు, నేను నవ్వినట్ల నవ్వకూడదు. నవ్వినాను. ఇంగ ఏం చేస్తాం.

ఏమంటివి, బుక్కు నీ బ్యాగులోనే ఉండాదా? తియ్యి, తియ్యి. అబ్బా, ఇదే. అట్ట మింద కాఫీ మరక గూడా నాకు తెలుసు, అది నా చేతి మరకే. చదువుదువు గాని ఉండు, ముందు మీ జేజినాయన ఎట్లాంటోడో తెలియకపోతే ఈ బుక్కు నీకు పిచ్చోని రాత లెక్క కనపడతాది. నువ్వు ఆయప్పను చూసినావు గాని, నాలుగేండ్ల పిల్లవు అప్పుడు, ఆయప్ప మీసం పట్టుకోని గుంజిందే నీకు యాది ఉండేది. ఆయప్పకు చిన్నప్పట్నుంచీ ఒగటే పిచ్చి, ఊట. మీకు మోటరు స్విచ్చి తెలుసు. బావి తవ్వేటప్పుడు అడుగున రాళ్ళ సందులోంచి చెమట పట్టినట్ల నీళ్ళు కారతాయి చూడు, అది ఊట. మన సీమలో అది చూసేదానికి పుణ్యం జేసుకోని ఉండల్ల. ఎవరిదో బావి, ఎవరివో నీళ్ళు, యాడో మూడు మైళ్ళ దూరం, కుళ్ళాయప్ప పోయి పొద్దంతా గట్టు మింద కూసుంటాండె. రాయి రవంత తడిసింది అంటే చప్పట్లు కొడతాండె. బావి తవ్వేవాళ్ళు “నీకేమొస్తాదిరా అయ్యా” అంటే “చూసేది వస్తాది గదా” అంటాండె. చెనిక్కాయ వేసినంక వాన పడేదాకా రైతులకు పనుండదు గదా. అందరూ చావిడి కాడ పేకాట ఆడతారు, ఈయప్ప వచ్చి నా బస్సెక్కుతాడు. యాడికి కుళ్ళాయప్పా అంటే “ఈ బస్సు యాడికి పోతే ఆడికి” అంటాడు. ఇట్లాంటోనికి టికెట్టు యాడికని కొట్టేది చెప్పు?

ఇంగోటి, ఆయప్ప మూడో తరగతి వరకు చదివినాడు. ఆ మూడు తరగతుల చదువూ వృథా గాకూడదని బస్సులో కూసోని దోవలో కనపడిన బోర్డంతా గట్టిగా చదువుతాడు. “క…ళ్యా…ణ…దు…ర్గం.” బస్సంతా విని ఊపిరి బిగబట్టుకోని కూసుంటారు, ఎప్పుడు ముగిస్తాడా అని. మా డ్రైవరు హనుమంతరాయుడు “బావా, ఆయప్పకు బోర్డు పూర్తిగా చదివే టైం ఇయ్యాలంటే నేను సెకండు గేరులోనే పోవల్ల” అని నవ్వుతాండె. ఒగసారి నా డ్యూటీ పావగడకు పడె. కుళ్ళాయప్ప ఎక్కె. అప్పటిదాకా ఆయప్ప కర్ణాటక గడ్డ తొక్కలేదు. మాటలంటావా, డబ్బుకు దుడ్లు, కావల్లంటే బేకు, వద్దంటే బేడ, ఇవి మనకు గూడా వచ్చేవే. రాత మాత్రం చూడలేదు. సరిహద్దు దాటినాక బోర్డులన్నీ కన్నడం అయిపాయ. కన్నడ అచ్చరాలు, మన అచ్చరాలు అన్నదమ్ముల పిల్లలు గదా. ఈయప్పకు అవి కన్నడమని తట్టలేదు. మన తెలుగే, పెయింటరు చేతగానోడు అనుకున్నాడు. “చూడు కండక్టరు బావా, ఈ పక్క పెయింటర్లకు తలకట్టు పెట్టేది గూడా రాదు. అన్నీ పండుకోబెట్టినారు” అని ఊరూరికీ ఆ పెయింటర్ను తిడతా వస్తాండె. నేను గూడా చెప్పలేదు. ఎందుకు చెప్తాను, బస్సంతా నవ్వుకుంటాంటే నాకూ టైంపాసే గదా.

మధ్యాన్నం ఒంటిగంటకు బస్సు నిలిపేది ఒగ చిన్న ఊర్లో, రోడ్డు పక్క పెంకుల హోటలు కాడ. దాని గోడ మింద తాటికాయలంత అచ్చరాలతో రాసినారు. ఊట సిద్ధవిదె. రెండో మాట ఆయప్ప నోటికి తిరగలేదు గాని మొదటి రెండచ్చరాలు మాత్రం టక్కున చదివినాడు. “ఊట!” సీట్లోంచి లేచినాడు. “ఊట, కండక్టరు బావా! గోడ మింద రాసిపెట్టుకోని ఉండారు! వీళ్ళెంత అదృష్టవంతులప్పా!” పక్కనున్న ముసలామె ఖాళీ బిందెను ఒళ్ళో పెట్టుకోనుంటే, “ఇయ్యమ్మా, నిండా పట్టకొస్తా” అని లాక్కోని దూకినాడు. కన్నడంలో ఊట అంటే భోజనం పాపా, సిద్ధవిదె అంటే తయారుగా ఉండాది అని. నవ్వు, నవ్వు, నేను నవ్వినది ఆ పొద్దు నువ్వు చూసింటే. హోటలు ఆయప్ప గల్లా కాడ ఉండాడు, లావుపాటి మనిషి, ఇబూతి పట్టీలు. బిందె పట్టుకోని వచ్చినోన్ని చూసి, పార్శిలు కొచ్చినాడేమో అనుకున్నాడు. “ఊట బేకా స్వామీ?” “బేకా అని అడుగుతావేమప్పా, ఊట వద్దనేవాడు ఈ భూమ్మింద ఉంటాడా?” “ఎష్టు జనక్కె?” ఎంత మందికి అంటాండాడు. మనవాడు ఒగ నిమిషం ఆలోచించినాడు. తనొక్కనికే అంటే బాగుండదనుకున్నాడేమో. “మా ఊరికంతా కావల్లప్పా. ఎనిమిదొందల గడప.” ఆ గల్లా ఆయప్ప లేచి నిలబడినాడు. “ఎంటు నూరు మనె? అయ్యో స్వామీ, మొదలే హేళబేకల్వా!” ముందే చెప్పొద్దా అని. దానికి మనవాడు, “ఊటకు ముందు చెప్పి వస్తారా ఎవరన్నా? అది భూమిలోంచి దానంతట అదే వచ్చేది గదా” అన్నాడు. గల్లా ఆయప్ప లోపలికి తిరిగి అరిచినాడు, ఇంగ బియ్యం ఎంత ఉండాయి చూడు అని.

ఈ లోపల కుళ్ళాయప్ప నేరుగా వంటింట్లోకి పోయె. నేను వెనకాలే పరిగెత్తితి. పోయి చూస్తే, తిన్న తట్టలు కడిగే మూల నేలంతా తడి గదా, ఆడ మోకాళ్ళ మింద కూసోని నేలను చేత్తో తడుముతాండాడు. “బావా, ఈడ తేమ ఉండాది. పైననే ఉండాది, నాలుగడుగులు తవ్వితే చాలు.” గల్లా ఆయప్ప భార్య గరిటె పట్టుకోని గోడకు ఆనుకోనుండాది, ఏ దేశం పిచ్చోడో అని. ఇంగ నేనే విడమరిచి చెప్తి, అయ్యా ఊట అంటే ఈడ అన్నం, నీళ్ళు గాదు, లెయ్ పైకి, పరువు తీస్తాండావు అని. ఆయప్ప ఆ తడి నేల మింద్నే కూసోని నన్ను చూసె, ఆ గరిటె అమ్మను చూసె, బిందెను చూసె. మొదలుపెట్టె నవ్వేది. నవ్వి నవ్వి కండ్లలో నీళ్ళొచ్చె. గరిటె అమ్మకు విషయం తెలిసి ఆమెకూ నవ్వొచ్చె. ఆమె రాగి ముద్ద పెట్టె, అనపగింజల పులుసు పోసె, మనవాడు మూడు ముద్దలు తినె. నేను రైట్ రైట్ అని గొంతు చించుకుంటాంటే మూడో ముద్ద చేత్తో పట్టుకోనే బస్సెక్కె. ముసలామె బిందెలో గరిటె అమ్మ మంచినీళ్ళు నింపి పంపింది, కాబట్టి ఆయప్ప మాట గూడా పోలేదు. తిరుగు దోవలో మన ఊరు వచ్చేటప్పుడు చెప్పె. “కండక్టరు బావా, ఇన్నేండ్లూ నేను ఊట అంటే నీళ్ళొక్కటే అనుకుంటి. లోపల్నుంచి సల్లగ వచ్చేదంతా ఊటే గదప్పా. మనం వెతికేది తెలియక ఎండిపోయినాం.” నేను టికెట్లు లెక్క చూసుకుంటాండా, సరిగా వినలేదు. మరుసటి దినం ఈ నోటుబుక్కు కొన్నాడు.

ఇప్పుడు చదువు. మొదటి పేజీ ఏముండాది? “బెళుగుప్ప బస్టాండు, ఉగ్గాని బజ్జీ. మూడో బజ్జీ, ఊట.” హా, అదీ. మొదటి బజ్జీ ఆకలికి పోతాదంట, రెండోది నాలుక కాలిందానికి పోతాదంట, రుచి తెలిసేది మూడోదానికేనంట. ఇది చదివినాక గూడా మీ నాయనకు అనుమానం రాలేదా, బజ్జీలోంచి నీళ్ళెట్ల వస్తాయని? ఊట అనే మాట కనపడతానే బుక్కు మూసి బోరు బండికి ఫోన్ కొట్టినాడా, సరిపాయ. తర్వాత చదువు. “శింగనమల చెరువు. నీళ్ళు లేవు. అయినా రెండు కొంగలు వచ్చి నిలబడినాయి. ఆశ, ఊట.” ఊఁ. “హనుమంతరాయుడు తుమ్మితే మూడు తుమ్ములు, మూడోదానికి హారను గూడా మోగుతాది, ఊట.” నిజమే పాపా, ఆ తుమ్ముకు ముందర పోయే ఎద్దులబండ్లు పక్కకు తప్పుకుంటాండె. ఇంగోటి ఏందీ? గొణగద్దు, గట్టిగా చదువు. “కండక్టరు బావ నిద్రపోతా టికెట్ టికెట్ అనేది, ఊట.” చూసినావా, నన్ను గూడా వదల్లేదు. ఇంత మాట రాసుకోని నా ముందర మాత్రం ఏమీ తెలియనోని లెక్క కూసుంటాండె.

లేపాక్షి రాసినాడా? రాసే ఉంటాడు, మూడు పేజీలా? ఉంటాది, ఉంటాది. ఆ పొద్దు నేనూ ఉంటి. మీ జేజినాయన, ఆయప్ప అమ్మ రామలక్ష్మమ్మ, మీ జేజి రత్నమ్మ, నేను. రామలక్ష్మమ్మ అంటే నీకు తెలియదు. ఆయమ్మ ఇంట్లో ఉంటే పిల్లి గూడా అడిగి మ్యావ్ అంటాండె. రత్నమ్మ కాపురానికొచ్చి పన్నెండేండ్లైనా అత్త ముందర నోరు తెరిచి ఒగ మాట మాట్లాడింది ఎవరూ వినలేదు. కొంగు నెత్తి మింద, కండ్లు నేల మింద. ఊర్లో కొందరు మూగామె అనుకుంటాండ్రి. సరే, గుడిలో అందరూ పైకప్పు బొమ్మలు మెడలు విరిగేట్టు చూస్తాంటే కుళ్ళాయప్ప తువ్వాలు పరిచి వెల్లకిలా పండుకున్నాడు. “ఇంటి పైకప్పును ఎవడన్నా నిలబడి చూస్తాడా?” అని. ఆడ్నుంచి అరుస్తాండాడు, “రత్నా, ఆ స్తంభం మింద చీర అంచు చూడు, నీ పెండ్లి చీర అంచు మాదిర్నే ఉండాది!” అత్త పక్కనుండాది గదా, ఆయమ్మ తల మాత్రం ఊపె.

బయట బండ మింద రాతి తట్టలు చెక్కినారు చూడు, నడుమ అన్నానికి గుంత, చుట్టూ కూరలకు చిన్న గుంతలు. గుడి కట్టినోళ్ళు దాంట్లో తింటాండిరంట. మనవాడు దాన్ని చూస్తానే “ఊట!” అని అరిచి, చిత్రాన్నం మూట విప్పి రాతి తట్టలో పోసి, చిన్న గుంతలో ఊరిబిండి పచ్చడి పెట్టి, సక్లముక్లం వేసుకోని కూసునె. వాచ్‌మన్ కట్టె పట్టుకోని వచ్చె. “ఏయ్ పెద్దాయనా! ఇది పురాతన వస్తువు, దీంట్లో తింటావా!” “చెక్కినోడు తినేదానికే చెక్కినాడు గదప్పా. ఇన్నేండ్లు ఖాళీగా పెట్టుకోనుండేది మీ తప్పు. కూసో, నువ్వూ తిను.” రామలక్ష్మమ్మ కొడుకును తిట్టిన తిట్లకు రాతి నంది గూడా తల తిప్పుకోవల్ల. వాచ్‌మన్ ఊరిబిండి రవంత నాలిక్కి రాసుకోని, సరే బిన్నా తిని కడిగిపో అనె. మనవాడు కడిగి, తువ్వాలతో తుడిచినాడు, అద్దం మాదిరి. నేనప్పుడు రత్నమ్మ పక్క చూస్తి. కొంగు నోట్లో కుక్కోని ఉండాది, భుజాలు మాత్రం అదురుతాండాయి. ఏడుస్తాందేమో పాపం, అత్త తిట్లకు అనుకుంటి. నాకేం తెలుసు.

ఇంగ ఆ తూర్పు చేని పేజీ కాడికి వద్దాం. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు నేను. ఒగ ఎండాకాలం, మధ్యాన్నం, బస్సు టైరు పంచరై ఆగిపాయ, నేను అడ్డదోవన తూర్పు చేని మింద ఇంటికొస్తాండా. చేలో పురుగు లేదు, పిట్ట లేదు, మంట మాదిరి ఎండ. అప్పుడు ఇనపడె. “రైట్ రైట్! యేయ్, ఆ గంప పైకెయ్! దిగేటోళ్ళు ముందు దిగల్ల, ఎక్కేటోళ్ళకు తొందరేంది, మీ అత్తగారిల్లు యాడికన్నా లేచిపోతాదా!” నా గొంతు పాపా. నా గొంతే, చెనిక్కాయ చేలో! నేను ఈడ ఉంటే ఆడ అరిచేది ఎవరప్పా అనుకుంటి. పెద్ద గుండు రాయి చాటు నుంచి తొంగి చూస్తి. మూగామె అన్నారే, ఆ రత్నమ్మ. కొంగు నడుముకు చెక్కింది, సద్దిగుడ్డను నా బ్యాగు మాదిరి భుజానికేసింది, నోట్లో కానుగ పుల్ల విజిలు. నేను దుడ్లిచ్చినోని మొగం ఎట్ల చూస్తానో అట్ల చూస్తాండాది. కుళ్ళాయప్ప చెట్టు కింద పండుకోని, నోట్లో సంగటి, నవ్వలేక మింగలేక దొర్లుతాండాడు. ఆయమ్మ ఆగలేదు. అత్త రామలక్ష్మమ్మ నడిచినట్ల నడిచె. హనుమంతరాయుని మూడు తుమ్ములూ తుమ్మె, హారనుతో సహా. లేపాక్షి వాచ్‌మన్ ఊరిబిండి నాకినాక మొగం ఎట్ల మారెనో, అదీ చేసె. అయినాక ఇద్దరూ కూసోని ఒగే తట్టలో తినిరి. ఇంట్లో మొగోడు తిన్నాక గదా ఆడోళ్ళు తినేది, ఆ కాలంలో. మొదట నాకు కోపం వచ్చె, నన్ను ఇంత చేస్తాదా అని. రవంత సేపటికి ఆ గుండుకు ఆనుకోని నోరు మూసుకోని నేనూ నవ్వుతాండా.

ఎండాకాలం చేలో ఏం పని అంటావా? అదే గదా. ఇంట్లో ఏం చెప్తాండె అంటే, గట్టు సరిచేస్తాండా అని. అందుకు సద్ది తీసుకోని రత్నమ్మ పోవల్ల గదా. ఇరవై ఏండ్లు సరిచేసినాడు ఆ గట్టు. పోతాండావు గదా, చూడు, ఇప్పటికీ వంకర్నే ఉండాది. మరుసటి దినం బస్సులో కదిలించి చూస్తి, ఏం బావా, తూర్పు చేలో ఏమన్నా తగిలిందా అని. నా మొగం చూసి పసిగట్టినాడు. ఒగ నవ్వు నవ్వి, “గట్టి ఊట కండక్టరు బావా. ఎండాకాలం గూడా ఆగదు” అనె. అదే మాట రాసిపెట్టినాడు చూడు, ఒగ అచ్చరం మారలేదు. మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. రామలక్ష్మమ్మ పోయినాకన్నా ఇంట్లో నోరు తెరుస్తాదేమో అనుకుంటి. తెరవలేదు, అలవాటైపాయ. ఆయప్ప పోయినాక ఇంగ ఎవరి కోసం మాట్లాడల్ల? నువ్వు పుట్టినాక ఆయమ్మ నోట ఒగసారి పది మాటలు విన్నావా? లేదు గదా. మా జేజి అంతే, నెమ్మది మనిషి అనుకుంటాంటివి. కన్నకొడుకే అట్ల అనుకుంటాండాడు.

ఏయ్, ఏందది, కండ్లు తుడుసుకో. ఏడిపించేదానికి చెప్తినా నేను? నిన్ననే మీ నాయనకు చెప్పకూడదా అంటావు. ఎట్ల చెప్పేది, ఒరే నీ తల్లి నోట్లో పుల్ల పెట్టుకోని నన్ను ఎక్కిరిస్తాండె అని? అది ఆయమ్మ దాచిపెట్టుకున్నది, పంచిపెట్టేదానికి నేనెవరు? అనుకోని గమ్మునుంటి. తీరా రేపు చెట్టు కొట్టేస్తారంటే ఇంగ గమ్మునుండేదానికి గాలేదు. చెప్తా విను, బోరు దించితే ఆడ రాయి తప్ప ఏమీ తగలదు, ఆ గుండు వేర్లు పాతాళం దాకా ఉండాయి. ఇప్పుడు నువ్వు పో. క్యారేజీ విప్పి తట్ట పెట్టు, ఒగటే తట్ట, నీకు వేరే పెట్టుకోవద్దు. రెండు ముద్దలు తిన్నాక మెల్లగా అడుగు, “జేజీ, కండక్టరు ఆంజినప్ప తాత బస్సులో ఎట్ల అరుస్తాండె?” అని. మొదట సిగ్గుపడతాది. మల్ల అడుగు. నోరు తెరిచిందంటే, సప్పుడు చేయకుండా మీ నాయనకు ఫోన్ కొట్టు, ఆ పెద్ద గుండు చాటున వచ్చి నిలబడమను. ఆయన విన్నాక గూడా చెట్టు కొట్టించాలనుకుంటే కొట్టించనీ. నేనా? నేను రాను. నన్ను చూస్తే ఆయమ్మ మల్ల కొంగు కప్పుకుంటాది. పో పాపా, స్కూటీ తియ్యి, అన్నం చల్లారిపోతాది. ఏం చూస్తాండావు, రైట్ రైట్ అనల్లనా? అనను. ఈ పొద్దు ఆ మాట ఆయమ్మ అనల్ల.